డోలీ పక్కన నడిచిన మనిషి

ఆ ఉదయం సేము గడప మీద కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. చువ్వ ఒకటి ఊడి కొన్నాళ్ళుగా వేలాడుతోంది. దాన్ని పాత సైకిలు తీగతో కట్టాడు. తీగ కొసను పళ్ళతో బిగించి, గొడుగు తెరిచి చూశాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. లోపల పొయ్యి దగ్గర జొన్న అంబలి కలుపుతున్న కెజియాకు ఆ టపటప చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఆ గొడుగు చచ్చి చాన్నాళ్ళయింది. పాతిపెట్టేసి వచ్చి అంబలి తాగు," అంది.

"లేస్తుందిలే. మూడో రోజు కాకపోతే నాలుగో రోజు," అన్నాడు సేము.

ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. ముంత పట్టుకుని కెజియా బయటికి వచ్చేసరికి అతను గుమ్మానికి ఆనుకుని ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఎడమ చేత్తో గుండె పట్టుకున్నాడు. మొహం బూడిద పూసినట్టు ఉంది. గొడుగు తెరిచి పక్కనే పడి ఉంది. చువ్వ నిటారుగా నిలబడింది.

కిహుంబా కొండ మీద ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రి కింద లోయలోనే. కొండ మీదికి బండి రాదు. డోలీ ఒక్కటే దారి. తీగలతో అల్లిన పొడవాటి గంపకు రెండు కర్రలు కట్టి ఉంటాయి, నలుగురు భుజాలకెత్తుకుంటారు, మరో నలుగురు మార్చుకోవడానికి వెంట నడుస్తారు. ఆ డోలీ ఏ ఒక్కరి సొత్తూ కాదు, మోత కోసం ఇళ్ళన్నీ కలిసి పెట్టుకున్న సంఘానిది. చర్చి చూరు కింద వేలాడుతూ ఉంటుంది. ఎవరింట్లో రోగం వచ్చినా ఆ ఇంటివాళ్ళు పెరటి అంచుకు వెళ్ళి కేక వేస్తారు. విన్నవాళ్ళు చేతిలో పని వదిలి వస్తారు. దానికి ఒకటే నియమం: భుజం ఇచ్చిన ఇంటికే భుజం. తాతల నాటి నుంచి ఆ నియమం మీదే సంఘం నడిచింది.

సేము ఇంటిని సంఘం నుంచి తీసేసి రెండు కోతలు గడిచాయి.

కెజియా అతని తల కింద దుప్పటి మడిచి పెట్టింది. పెరటి అంచు దాకా నడిచింది. కేక వేయాలా? వేసి, ఎవరూ రాకపోతే? లోయ నిండా మంచు. జబులోని అనే సంఘం పెద్ద ఇల్లు అవతలి కొండ మీద ఆ మంచులో ఎక్కడో ఉంది. ఆమె రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, సేము ఇల్లు, గుండె నొప్పి, డోలీ కావాలి అని కేక వేసింది.

మామూలుగా అయితే కేక ఇంకా గాలిలో ఉండగానే ఏదో ఒక కొండ నుంచి "విన్నాం!" అని బదులు వస్తుంది. ఈసారి ఎక్కడో ఒక కోడి కూసింది, అంతే.

సేము ఒకప్పుడు ఆ కొండ మీద మంచి మోతగాడు. పెద్ద ఒడ్డూ పొడుగూ ఏమీ కాదు. కానీ ఏటవాలులో దిగువ పక్క కర్ర పట్టుకునేవాడు. బరువంతా అటే పడుతుంది కాబట్టి ఆ చోటు కోసం ఎవరూ పోటీ పడరు. ఆదివారాలు చర్చి దగ్గర డోలు కొట్టి జనాన్ని పిలవడం కూడా అతని పనే. ఒక వానాకాలం చేలగట్టు మీంచి జారి పడి కుడి భుజం ముక్కలయింది. ఆ డోలీలోనే అతన్ని కిందికి మోశారు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి చెవి దాకా లేవడం మానేసింది. డోలు వేరేవాళ్ళ చేతికి పోయింది, కర్ర కూడా పోయింది. ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్ళిళ్ళయి అవతలి కొండలకు వెళ్ళిపోయారు. బదులుగా పంపడానికి ఇంట్లో మగపిల్లాడు లేడు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు కెజియా అతనికి చిలగడదుంప ఒలిచి పెడుతూ, "దారిలో బాగా నొప్పి పెట్టిందా?" అని అడిగింది.

"నొప్పి సంగతి సరేలే. అంతసేపూ ఎక్కడున్నానో తెలియలేదే," అన్నాడు.

నొప్పికి స్పృహ తప్పి ఉంటాడని ఆమె అనుకుంది. పక్కింటివాళ్ళతో అదే చెప్పింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి కేకకే అతను గొడుగు పట్టుకుని బయలుదేరాడు. అది పెద్దల్లుడు పెళ్ళిలో మామకు పెట్టిన గొడుగు. నల్లది, వంకీ పిడిది. కెజియా దాన్ని ఆదివారం ఆరాధనకు మాత్రమే తీయాలని గుడ్డలో చుట్టి అటక మీద దాచింది. అతను దాన్ని వానలో, బురదలో, ముళ్ళకంపల మధ్య డోలీ పక్కన పట్టుకుని నడిచాడు. ఎడమ చేత్తో రోగి మొహానికి నీడ పట్టేవాడు. వాన వస్తే అడ్డం పెట్టేవాడు.

మోసేవాళ్ళకు అది నవ్వులాటయింది.

"తప్పుకోండి, తప్పుకోండి, బిషప్పుగారు వస్తున్నారు!" అని ముందు కర్ర పట్టుకున్న నసాని అరిచేవాడు. ఆ కొండలో బరువు మోస్తూ కూడా నోరు మూయని మనిషి అతనొక్కడే. "ఈ గొడుగు చూసి దేవుడు కూడా పొరబడతాడు పెద్దాయనా. పైకి పిలిస్తే రోగిని కాదు, నిన్ను పిలుస్తాడు."

"పిలవనీ. గొడుగు తెచ్చుకోమన్నాడేమో అడుగుతా," అనేవాడు సేము.

నడుస్తున్నంతసేపూ అతను గొడుగు కిందికి తల వంచి ఏదో గొణుగుతూ ఉండేవాడు. ముందువాళ్ళు అడుగు కలవడానికి పాట పాడతారు, వాళ్ళకు ఏమీ వినబడదు. వెనకవాళ్ళకు పెదాలు కదలడం మాత్రం కనబడేది. ప్రార్థన చేస్తున్నాడని అందరూ అనుకున్నారు. "కొండ దిగేలోపు ఆరాధన మొత్తం కానిచ్చేస్తాడు," అని నసాని చెప్పుకునేవాడు. కెజియాకు ఆ మాట విన్నప్పుడల్లా కొంచెం గర్వంగా ఉండేది, కొంచెం కష్టంగానూ ఉండేది. ఎందుకంటే ఇంట్లో భోజనం ముందు సేము ప్రార్థన కళ్ళు మూసుకునేలోపే అయిపోయేది. శుక్రవారం కూడికలో రక్షణ పొందినవాళ్ళంతా లేచి ప్రభువు తమకు చేసిన మేలు సాక్ష్యం చెబుతారు. కొందరి సాక్ష్యం పొద్దువాలేదాకా సాగుతుంది. సేము లేచి, "నేను సేముని. యేసు మంచివాడు. కూర్చుంటాను," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. కెజియా తల దించుకునేది.

జబులోని చెడ్డవాడేమీ కాదు. కుర్రాళ్ళంతా పట్నాలకు వెళ్ళిపోతుంటే కొండ మీద భుజాలు తగ్గిపోయాయి. మిగిలినవాళ్ళ మీద మోత పెరిగింది. అలా ఒక ఏడు జొన్నకోత అయ్యాక చర్చి వాకిట్లో సంఘం కూర్చున్నప్పుడు అతను నియమం బిగించాడు. భుజం ఇవ్వని ఇల్లు సంఘంలో ఉండదు.

"సేము నడుస్తున్నాడుగా ప్రతిసారీ," అన్నారెవరో.

"నడిస్తే మోసినట్టా? నా కుక్కా నడుస్తుంది," అన్నాడు జబులోని. "అన్నా, నీ మీద కోపం లేదు. కానీ గొడుగు పట్టుకోవడం మోత కాదు. గొడుగెంత బరువుంటుంది చెప్పు?"

"గాలి వచ్చినప్పుడు ఉంటుంది," అన్నాడు సేము.

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న జబులోని తల్లి దోరికా నవ్వలేదు. ఆమె ఏదో అనబోయింది గానీ అప్పటికే తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత అవతలి కొండ నుంచి కేక విని అతను గొడుగు తీసుకున్నప్పుడు కెజియా దారికి అడ్డం నిలబడింది.

"నిన్ను మొయ్యం అన్నవాళ్ళ వెంట గొడుగేసుకుని తిరుగుతావా? సిగ్గు లేదూ? రేపు నువ్వు పడితే ఎవరొస్తారు? నేను బుట్టలో పెట్టుకుని నెత్తిన మోసుకెళ్ళాలా?"

"నువ్వు మొయ్యగలవు. చిలగడదుంపల బస్తా నా కంటే బరువు."

"నవ్వులాట కాదు!"

"అవునే, నవ్వులాట కాదు," అన్నాడతను గుమ్మంలో నిలబడి. "నన్ను తీసేసింది సంఘం. డోలీలో పడుకున్న మనిషి తీసెయ్యలేదుగా. తప్పుకో, వాళ్ళు దిగిపోతారు."

ఆమె తప్పుకుంది. అతను వెళ్ళాడు. ఆ తర్వాత కూడా ప్రతి కేకకూ వెళ్ళాడు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు.

ఇప్పుడు కెజియా పెరటి అంచున నిలబడి రెండోసారి కేక వేసింది. బదులు లేదు. ఇంట్లోకి తిరిగొచ్చి, సేము కాళ్ళకు బూట్లు తొడిగింది. ఒక చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని నడిపించుకుపోవాలని చూసింది. అతను మోకాళ్ళ మీదికి లేచి మళ్ళీ కూర్చుండిపోయాడు.

"ఎందుకే తొందర. అంబలి చల్లారిపోతుంది, తాగు," అన్నాడు.

ఆమె అతని పక్కన కూర్చుని ఏడవకుండా ఉండడానికి బూటు తాడు ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. అప్పుడు గట్టు మీద అడుగుల చప్పుడు వినబడింది. మంచులోంచి ముందు డోలీ కర్రల కొసలు బయటపడ్డాయి, తర్వాత మనుషులు. జబులోని ముందున్నాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"బదులివ్వలేదేంటి తమ్ముడూ?" అంది కెజియా. "రెండుసార్లు అరిచాను."

"బదులిచ్చే తీరిక మా అమ్మ ఇస్తేగా వదినా! నీ కేక చెవిన పడగానే నా దుప్పటి లాగి వాకిట్లో పారేసింది. సేముని కిందికి దించకుండా ఈ గడప తొక్కావో, ఇక్కడ నీకు అంబలి కాదు, గంజి కూడా పుట్టదంది." అతను సేము వైపు చూసి గొంతు తగ్గించాడు. "నియమం నియమమే అన్నా. దాని సంగతి నువ్వు లేచాక మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం," అన్నాడు సేము.

కావలసిన దానికంటే ఎక్కువమందే వచ్చారు. ఒకప్పుడు ఇంట్లోవాళ్ళని డోలీలో దింపిన ప్రతి గడప నుంచీ ఎవరో ఒకరు వచ్చారు. ఎప్పుడూ మోయని ముసలాళ్ళు కూడా కర్రలు ఊతగా పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. సేముని ఎత్తి గంపలో పడుకోబెట్టారు. దుప్పటి కప్పారు. నసాని ముందు కర్ర కింద భుజం పెడుతూ, "పెద్దాయనా, ఇన్నాళ్ళకి నీ బరువెంతో చూస్తాం," అన్నాడు. కానీ అతని గొంతులో ఎప్పటి ఊపు లేదు.

గొడుగు కెజియా తీసుకుంది. ఇన్నాళ్ళూ అతను చేసిన పని ఈ ఒక్కరోజూ తాను చేస్తాననుకుంది. ఆ పని ఏమిటో తనకు తెలుసుననుకుంది. మొహానికి నీడ పట్టింది. తల లోపలికి వంచి, అతని చెవి దగ్గర ప్రార్థన మొదలుపెట్టింది. కూడికల్లో ఆమెకు మంచి పేరే ఉంది. మాటలు వాటంతట అవే వచ్చేవి. అతని కోసం, అతని గుండె కోసం, మోసేవాళ్ళ కాళ్ళ కోసం ప్రార్థించింది. ముందువాళ్ళు పాట అందుకున్నారు. మంచు విడుతోంది. కానీ గొడుగు కింద నల్ల గుడ్డ తప్ప అతనికి ఏమీ కనబడదు.

కొంతదూరం పోయాక సేము కళ్ళు తెరిచాడు.

"ఎక్కడికొచ్చాం?"

"దేవుడి చేతుల్లో ఉన్నావు. మాట్లాడకు, ఆయాసం వస్తుంది," అంది కెజియా. మళ్ళీ ప్రార్థనలోకి వెళ్ళింది.

నీలగిరి చెట్ల తోపు దాటాక వాగు మీద దుంగ వస్తుంది. దాని మీద ఒకరి వెనక ఒకరు నడవాలి, డోలీ ఒక పక్కకు వాలుతుంది. వాలినప్పుడు సేము ఉలిక్కిపడి గంప అంచు గట్టిగా పట్టుకున్నాడు. కెజియాకు భయమేసి ప్రార్థన గొంతు పెంచింది. దుంగ దాటాక అతను మళ్ళీ అడిగాడు.

"కెజియా. ఎక్కడికొచ్చామే?"

నసాని వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు. "ఎక్కడికేంటి పెద్దాయనా, కిందికే! పైకి మొయ్యడం మా వల్ల కాదు, అది ఆయన పని."

మోసేవాళ్ళు నవ్వారు. సేము కూడా పెదాలు కొంచెం కదిపాడు. జీవితమంతా నడిచిన దారిని గురించి ఇలా అడుగుతున్నాడంటే మతి చెదురుతోందని కెజియా అనుకుంది. తడి గుడ్డతో నుదురు తుడిచింది.

మూడోసారి అతను నోటితో అడగలేదు. ఆమె మొహం వైపు చూశాడు. ఆమె ప్రార్థిస్తూ కళ్ళు మూసుకుని ఉంది, తెరిచాక చూసింది. "ఏం కాదు," అంది.

లోయ అడుగుకు దిగాక బురదా కుళ్ళిన ఆకూ కలిసిన వాసన వచ్చింది. సేము ఆ గాలి పీల్చి, "జమ్ము గడ్డి," అన్నాడు. ఎవరికో జవాబిస్తున్నట్టు అన్నాడు. అప్పుడతని వేళ్ళు గంప అంచు వదిలాయి.

ఆసుపత్రిలో అతను ఆ పొద్దువాలేదాకా ఉన్నాడు. మందులిచ్చారు, సూది వేశారు. గొడుగు మంచం కాలికి తగిలించి ఉంది. "తడిగా మూసెయ్యకు. తీగ తుప్పు పడుతుంది," అని కెజియాకు చెప్పాడు. అవే ఆఖరి మాటలని తర్వాత లెక్క తేలింది. ఆమె గొడుగు తెరిచి వసారాలో ఆరబెట్టి తిరిగొచ్చేసరికి అయిపోయింది.

మర్నాడు అతన్ని పైకి మోశారు. నసాని దారంతా నోరు విప్పలేదు. జబులోని దిగువ పక్క కర్ర పట్టుకున్నాడు, ఎవరు మారతామన్నా మారలేదు. అరటితోట పక్కన సమాధి చేశారు. సమాధి దగ్గర చర్చి ఉపదేశి మంచి మాటలే చెప్పాడు. సేము ప్రార్థనాపరుడని, ఎవరికీ తెలియకుండా గొడుగు కింద ప్రార్థించేవాడని చెప్పాడు. జనం తలలూపారు. కెజియా కూడా ఊపింది.

పనిపాటలు మాని జనం చావింట్లోనే కూర్చునే రోజుల్లో దోరికా వచ్చింది. అవతలి కొండ నుంచి కర్ర పొడుచుకుంటూ, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఆమెకు కడుపులో నొప్పి వస్తే డోలీలో దింపి ఆపరేషన్ చేయించారు. అప్పటి నుంచి ఇంత దూరం నడవలేదు. చాప మీద కెజియా పక్కన కూలబడి, మనవరాలిని బయటికి పంపింది.

"ఆ గొడుగు ఉందా?" అంది ఊపిరి కుదుటపడ్డాక.

"ఉందత్తా. ఏం చేసుకుంటాను దాన్ని."

"ఉండనీ." దోరికా తలుపు వెనక వేలాడుతున్న గొడుగు వైపు చూసింది. "నువ్వెప్పుడైనా డోలీలో పడుకున్నావా?"

"లేదు. నాకు ప్రభువు ఆరోగ్యమిచ్చాడు."

"మావాడూ పడుకోలేదు. ఈ మోసేవాళ్ళెవరూ పడుకోలేదు. అందుకే అలా మాట్లాడతారు." ఆమె చెయ్యి చాప మీద రాసింది. "పడుకుంటే దారి కనపడదే. పైన ఆకాశం, పక్కన వాళ్ళ మోచేతులు. అంతే. ఎప్పుడు ఒరుగుతుందో తెలీదు, ఎప్పుడు గుంతలో పడుతుందో తెలీదు. ఇంకెంత దూరముందో తెలీదు. మోసేవాళ్ళు పాడుకుంటుంటారు, ఇంటావిడ ఏడుస్తుంటుంది. నిన్ను ఎక్కడికో పట్టుకుపోతున్నారు, ఎక్కడికో నీకు తెలీదు. నేను పుట్టి పెరిగిన కొండే. కానీ ఆ గంపలో అది ఏ కొండో."

కెజియా కూడా గొడుగు వైపు తిరిగింది.

"నీ మొగుడు గొడుగు కింద తల దూర్చి చెబుతూనే ఉండేవాడు. అత్తా, ఇది మీ జొన్నచేను. పిట్టలు వాలాయి, నీ కోడలు కేకలేస్తోంది చూడు. అత్తా, నీలగిరి తోపులోకి వచ్చాం, కాసేపు చల్లగా ఉంటుంది. ఇప్పుడు దుంగ ఎక్కుతున్నారు. ఎడమకి ఒరుగుతుంది, భయపడకు, జబులోని అటే ఉన్నాడు. అయిపోయింది, దాటేశాం. ఇప్పుడు కమ్మరి కొట్టం, వాడు ఇంకా నిద్ర లేవలేదు. ఇది జమ్ము వాసన. ఇంక బల్లపరుపే అత్తా, ఇంక ఒరగదు." ఆమె ఆగింది. "దారి పొడుగునా ఇంతే. చెప్పిందే చెప్పేవాడు. నేను ఆ గొంతు పట్టుకుని కిందికి దిగాను."

"ప్రార్థన చేసేవాడు కాదా?"

"ప్రార్థనా? నా దగ్గర ఒక్క ముక్క చెయ్యలేదు. ఆసుపత్రి గుమ్మంలోకి తీసుకెళ్ళాక ఆమెన్ అన్నాడు." దోరికా చిన్నగా నవ్వింది. "సంఘంలో ఆ రోజు చెబుదామనుకున్నా. మగవాళ్ళకి ఎలాగూ తెలుసుంటుందిలే, కావాలనే తీసేస్తున్నారనుకున్నా. నీకైనా తెలుసుంటుందనుకున్నా."

బయట ఎవరో అరటి ఆకులు కోస్తున్న చప్పుడు వినబడుతోంది. కెజియా చాపలోంచి ఊడిన పోగును వేలికి చుట్టుకుంది.

"అత్తా, మరి మీరు అడిగేవాళ్ళా?" అంది. "ఎక్కడికొచ్చాం అని?"

"అడగనిస్తేగా," అంది దోరికా.